నాకున్నది: ఫిన్నిష్ భాషలో స్వామ్యమును దెలుపు విధము

పరభాషను నేర్వగోరువాడు మొదటి వారములోనే "నాకున్నది", "నాకు లేదు" అను రెండు మాటలను నేర్చుకొనవలసి యుండును. ఇవి లేనిదే అంగడిలో బేరమాడలేడు. వైద్యునితో తన బాధ చెప్పుకొనలేడు. క్రొత్తవారితో తన కుటుంబమును గూర్చి నాలుగు మాటలు పలుకలేడు. ఇంత సామాన్యమైన భావమేయైనను లోకమునందలి భాషలన్నియు దీనిని ఒకే రీతిని చెప్పవు. మన పాఠశాలలలో ఇంగ్లీషు నేర్చు బాలురకు "హేవ్" అను క్రియ ఎంత చిక్కు కలిగించునో ఉపాధ్యాయులందరు ఎరిగినదే. "నాకు పుస్తకమున్నది" అని మనసున తలచి, దానిని "నేను" అను కర్తతో ఆరంభించి చెప్పవలసి వచ్చుటయే ఆ చిక్కునకు కారణము. ఇంగ్లీషునందున్న యీ క్రియ తెలుగున లేకపోవుట మన భాషకొక కొరతయని తలచు విద్యార్థులును కొందరు కలరు. అట్టివారికి ఫిన్లాండు దేశపు భాషను కొంచెము పరిచయము చేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఐరోపాఖండముననే పుట్టి పెరిగియు, ఆ భాష ఈ విషయమున ఇంగ్లీషు త్రోవను పోక, మన త్రోవకు దగ్గరగా నడచుచున్నది.

ఫిన్లాండు ఐరోపాకు ఉత్తరమున, బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఉన్న దేశము. అచటి జనసంఖ్య సుమారు 55 లక్షలు. రాజధానియగు హెల్సింకి మన విశాఖపట్నమువలెనే రేవుపట్టణము. ఆ దేశమున ఫిన్నిష్, స్వీడిష్ అను రెండును రాజభాషలు. ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్, రష్యన్, సంస్కృతము మొదలగునవి యన్నియు ఒక కుటుంబమునకు చేరినవి కాగా, ఫిన్నిష్ భాష వేరొక కుటుంబమునకు చెందినది. ఎస్టోనియా దేశపు భాష దానికి దగ్గర చుట్టము. హంగేరీ దేశపు భాష దూరపు చుట్టము.

ఉచ్చారణ

ఇంగ్లీషులో వ్రాత యొకటి, పలుకుబడి యొకటి. ఫిన్నిష్ భాషలో అట్లు కాదు, వ్రాసినట్లే చదువుదురు. మహాప్రాణములు లేవు. హ్రస్వదీర్ఘముల భేదమును, ద్విత్వాక్షరమును మనవలెనే శ్రద్ధతో పాటింతురు. తులి యనగా నిప్పు. తూలి యనగా గాలి. తుల్లి యనగా రేవులో సరకులపై సుంకము వసూలుచేయు కచేరి. పలు, పాలు, పల్లు అను మన మాటలయందు ఎట్టి భేదము గలదో ఇచటను అట్టిదే. ఈ భేదము ఇంగ్లీషువారికి ప్రయాసముతో గాని పట్టుపడదు; తెలుగు బాలునకు దానిని ప్రత్యేకముగా నేర్పనక్కరలేదు. "బ్యాంకు" అను మాటలో మనము పలుకు స్వరమును పోలిన హ్రస్వస్వరమొకటి ఆ భాషలో గలదు. దానికి మనకు ప్రత్యేకాక్షరము లేనందున ఈ వ్యాసమున "్యా" అని వ్రాయబడినది. చదువునపుడు దానిని కుదించి పలుకవలెను.

పరభాషాపదములను చేర్చుకొను రీతియు గమనింపదగినది. హల్లుతో ముగియు ఇంగ్లీషు మాటలకు మనము ఉకారమును చేర్తుము; వారు ఇకారమును చేర్తురు. మన బస్సు వారికి బుస్సి. మన పోస్టు వారికి పొస్తి. మన బ్యాంకు వారికి పంక్కి.

"నాకున్నది" అనుట

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. ఫిన్నిష్ భాషలో "హేవ్" వంటి నిత్యోపయోగమైన క్రియ లేదు. వారు ఉండుట యను అర్థముగల "ఒన్" అను క్రియను వాడి, సొత్తు గల మనిషి పేరునకు "ల్ల" అను విభక్తి ప్రత్యయమును చేర్తురు. "మిన్యా" యనగా నేను. "మినుల్ల" యనగా నా వద్ద. "కల" యనగా చేప.

మినుల్ల ఒన్ కల. నా వద్ద చేప యున్నది.

మన బాలురు ఈ వాక్యమును విని నవ్వుదురేమో! మనకు కల నిద్రలో వచ్చునది. వారికి వలలో పడునది. నవ్వుతో నేర్చిన మాట మరపునకు రాదు గనుక దీనినే మొదటి ఉదాహరణముగా గైకొంటిమి.

సర్వనామములన్నిటికి ఇదే ప్రత్యయము చేరును.

మినుల్ల: నా వద్ద, నాకు
సినుల్ల: నీ వద్ద, నీకు
హ్యానెల్ల్యా: అతని వద్ద, ఆమె వద్ద
మెయిల్ల్యా: మా వద్ద, మన వద్ద
తెయిల్ల్యా: మీ వద్ద
హెయిల్ల్యా: వారి వద్ద

ఇందు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది: అతడు, ఆమె అను భేదము ఆ భాషలో లేదు, "హ్యాన్" అను ఒక్క మాటయే ఇరువురకు చెల్లును. రెండవది: మా, మన అను సొగసైన భేదమును లేదు. వినువానిని కలుపుకొని చెప్పుచున్నామా, విడిచి చెప్పుచున్నామా యన్నది సందర్భమును బట్టి తెలిసికొనవలసినదే. మూడవది: ప్రత్యయము కొన్నిచోట్ల "ల్ల" యనియు, కొన్నిచోట్ల "ల్ల్యా" యనియు ఉన్నది. శబ్దములోని అచ్చులను బట్టి ప్రత్యయములోని అచ్చు మారుట దీనికి కారణము. పులి, బల్లి అను మాటలు బహువచనమున పులులు, బల్లులు అగుటయు, ప్రత్యయముకొరకు అచ్చు మారుటయు మనకు తెలిసినవే గనుక ఇట్టి అచ్చుల పొత్తు మనకు వింత కాదు.

"ల్ల" ప్రత్యయమునకు మూలార్థము "పైన" లేక "వద్ద" అని. "కతొల్ల ఒన్ కిస్స" యనగా కప్పుపైన పిల్లి యున్నది. పిల్లి కప్పుపై నుండుటకును, చేప నా వద్ద నుండుటకును వారు ఒకే రూపమును వాడుచున్నారు. సొత్తు గలిగియుండుట యనునది వారి వ్యాకరణమున ఒక చోట ఒక వస్తువు ఉండుటయే.

క్రియ మారదు. మనము "నాకు తమ్ముడున్నాడు, నాకు చెల్లెలున్నది, నాకు అన్నలున్నారు, నాకు పొలములున్నవి" అని సొత్తును బట్టి క్రియను మార్తుము. వారు అన్నిటికిని "ఒన్" అనియే యందురు. "మినుల్ల ఒన్ కక్సి పొయికా" యనగా నాకు ఇద్దరు కుమారులున్నారు. ఇందు "కక్సి" యనగా రెండు. "పొయిక" యనగా బాలుడు లేక కుమారుడు. సంఖ్యావాచకము తరువాత నామము ఏకవచనముననే యుండి, భాగమును దెలుపు వేరొక విభక్తిని పొందును. అందుచేత పొయిక యన్నది పొయికా యైనది.

"నాకు లేదు" అనుట

లేదనుటకు వారికి వ్యతిరేకక్రియ యొకటి గలదు. అది పురుషను బట్టి మారును: ఎన్, ఎత్, ఎయి, ఎమ్మె, ఎత్తె, ఎయివ్యాత్. ఇంగ్లీషు "నాట్" అనుదానివలె ఇది మార్పులేని అవ్యయము కాదు. మనకును నేను లేను, నీవు లేవు, వాడు లేడు, మేము లేము, వారు లేరు అని వ్యతిరేకక్రియ పురుషను బట్టి మారుచున్నది గదా! అయితే స్వామ్యవాక్యమున వారు ఎల్లప్పుడును "ఎయి ఒలె" యను ఒక్క రూపమునే వాడుదురు.

మినుల్ల ఎయి ఒలె లైవా. నాకు ఓడ లేదు.
మినుల్ల ఎయి ఒలె ఐకా. నాకు తీరిక లేదు.

లైవ యనగా ఓడ. లేదనునపుడు అది లైవా యగును. పైన చెప్పిన భాగవిభక్తియే ఇచటను వచ్చినది. ఉన్న వస్తువు తన నిజరూపముతో నిలుచును. లేని వస్తువు రూపము మార్చుకొనును. ప్రారంభకులు ఎక్కువగా తప్పునది ఇచటనే గనుక జాగరూకులై యుండవలెను.

ప్రశ్నకు క్రియను ముందునకు దెచ్చి "కొ" యని చేర్తురు. "ఒంకొ సినుల్ల కల?" అనగా నీ వద్ద చేప యున్నదా? మనము క్రియ చివర "ఆ" చేర్చినట్లే యిది. జవాబు చెప్పునపుడు అవును, కాదు అనక, "ఒన్" అని గాని, "ఎయి ఒలె" అని గాని యందురు. మన ఇండ్లలో "ఉన్నది", "లేదు" అని చెప్పునట్లే.

ఉండుట వేరు, తనదగుట వేరు

ఒకే చేపను గూర్చి మూడు విధములుగా చెప్పవచ్చును.

మినుల్ల ఒన్ కల. నా వద్ద ఒక చేప యున్నది.
కల ఒన్ మినుల్ల. ఆ చేప నా వద్ద నున్నది.
కల ఒన్ మినున్. ఆ చేప నాది.

మొదటి రెండు వాక్యములకు పదముల వరుసలో మాత్రమే భేదము. రెండవది వెదకుచున్న వస్తువు ఎచటనున్నదో తెలుపును. అది పరుల సొత్తైనను కావచ్చును. మూడవది మాత్రమే హక్కును స్పష్టముగా చెప్పును. మన నాది, నీది, ఎవరిది అను మాటల స్థానమున వారు "న్" ప్రత్యయముతో ముగియు షష్ఠీరూపమును వాడుదురు. "కెనెన్ తలొ" యనగా ఎవరి యిల్లు; "పొయన్ తలొ" యనగా బాలుని యిల్లు.

పొయిక యను శబ్దము షష్ఠిలో పొయన్ అయినది చూచితిరా? ఫిన్నిష్ శబ్దములు పెక్కు విభక్తికి ముందు తమ రూపమును మార్చుకొనును. క్యాసి యనగా చేయి, షష్ఠిలో క్యాదెన్. వెసి యనగా నీరు, షష్ఠిలో వెదెన్. ఇంగ్లీషువారు దీనిని చూచి భయపడుదురు. కాని చేయి, చేతి యనియు, నీరు, నీటి యనియు, ఇల్లు, ఇంటి యనియు మనము పసితనము నుండియే పలుకుచున్నాము. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున ఔపవిభక్తికములను పేరుతో ఇ, టి, తి వర్ణములను గూర్చి చెప్పిన సూత్రములను చదివిన విద్యార్థికి ఫిన్నిష్ శబ్దమార్పులు అడవివలె కాక, తెలిసిన తోటవలె కనబడును.

ఇంకొక విశేషము. నామము చివరనే "నా, నీ" అను అర్థమిచ్చు ప్రత్యయములను వారు చేర్తురు. తలొ యనగా ఇల్లు.

తలొని: నా యిల్లు
తలొసి: నీ యిల్లు
తలొన్స: అతని, ఆమె లేక వారి యిల్లు
తలొమ్మె: మా యిల్లు
తలొన్నె: మీ యిల్లు

నిర్దుష్టమైన వ్రాతలో "మినున్ తలొని" యని షష్ఠిని, ప్రత్యయమును రెండింటిని వాడుదురు. నిత్యసంభాషణమున పలువురు ప్రత్యయమును విడిచెదరు. విభక్తి ముందు, స్వామ్యప్రత్యయము తరువాత వచ్చును. "తలొస్సని" యనగా నా యింటిలో: తలొ, ఇల్లు; స్స, లోపల; ని, నా. గ్రాంథికాంధ్రమున "నేను సేవకుడను, నీవు సేవకుడవు" అని నామమునకు పురుషబోధక ప్రత్యయములు చేరునుగాని, అవి "అయి యున్నాను" అను అర్థమిచ్చునే గాని స్వామ్యమును చెప్పవు. ఈ రెండింటిని కలిపి తికమకపడరాదు.

ప్రాణిలేని వస్తువునకు వేరొక వస్తువు అంగమైనపుడు సామాన్యముగా "ల్ల"కు బదులు లోపలయను అర్థముగల "స్స" వచ్చును. "తలొస్స ఒన్ కక్సి ఒవెఅ" యనగా ఇంటికి రెండు తలుపులున్నవి. వారి మాటలో, ఇంటిలో ఉన్నవి. "విశాఖపట్నమిస్స ఒన్ సతమ" యనగా విశాఖపట్నమున రేవున్నది. మన పట్టణపు పేరునకు కూడ వారు ఇకారమును చేర్చిన తరువాతనే విభక్తి నిలిపిరి. 1933లో తెరవబడిన మన లోపలి రేవును గూర్చి ఫిన్లాండు నావికుడు తన తల్లికి జాబు వ్రాసినచో ఇట్లే వ్రాయవలెను.

ఆకలి, దాహము, జ్వరము

స్వామ్యవాక్యము వస్తువులకే గాక శరీరావస్థలకు కూడ చెల్లును. మినుల్ల ఒన్ న్యాల్క్యా: నాకు ఆకలిగా నున్నది. మినుల్ల ఒన్ యనొ: నాకు దాహముగా నున్నది. మినుల్ల ఒన్ కూమె: నాకు జ్వరముగా నున్నది. మినుల్ల ఒన్ కీరె: నాకు తొందరగా నున్నది. ఇంగ్లీషువాడు ఆకలిని చెప్పునపుడు తానే ఆకలిగొన్నవాడై యున్నాననును. ఫిన్లాండువాడును, తెలుగువాడును ఆకలి తమకు వచ్చి యున్నదందురు. వాక్యమును విడదీసి చూచినచో ఈ రెండు భాషల నడక ఇంచుమించు ఒకటే.

తెలుగున నున్న సూక్ష్మభేదము

ఇంతవరకు పోలికలనే చెప్పితిమి. ఒక విషయమున తెలుగు ఫిన్నిష్ కంటెను సూక్ష్మముగా విభజించును. వారికి "ల్ల" యొక్కటే. మనకు "కు", "వద్ద" అని రెండు గలవు. "నాకు ధనమున్నది" యనిన నేను కలిమి గలవాడనని అర్థము. "నా వద్ద ధనమున్నది" యనిన ఇప్పుడు చేతిలో నున్నదని అర్థము. అది పరులదైనను కావచ్చును. "నాకు ఇద్దరు తమ్ములున్నారు" అనునది బంధుత్వమును తెలుపును. "నా వద్ద ఇద్దరు తమ్ములున్నారు" అనునది వారు నాతో కాపురమున్నారని తెలుపును. ఈ భేదము నెవ్వరును మనకు బడిలో నేర్పలేదు. తల్లి యొడిలోనే నేర్చితిమి.

ఇట్టి సంపద యుండగా, ఇంగ్లీషు "హేవ్"ను అనుకరించి "నేను ఒక పుస్తకమును కలిగియున్నాను" అని వ్రాయుట తగునా? ధనము గలవాడు, గుణము గలది యనుట మన నుడికారమే. "నాకు ఒక కుమారుడు కలడు" అనుటయు చక్కని తెలుగే. కాని పుస్తకమును, కలమును, రెండు రూపాయలను "కలిగియున్నాను" అని ఇంటిలో నెవ్వరును పలుకరు. అట్టి వాక్యమున "కు" చెప్పు అర్థమును, "వద్ద" చెప్పు అర్థమును రెండును మాసిపోవును. అనువాదములు చేయు విద్యార్థులు ఈ విషయమున మెలకువగా నుండవలెను. అట్లే తెలుగు నుడికారమును ఇంగ్లీషునకు ఎక్కించుటయు తగదు. ఒక్కొక్క భాషకు దాని మర్యాద దానిది.

ఫిన్నిష్ భాషయందును "ఒమిస్తా" అను క్రియ యొకటి గలదు. దాని అర్థము సొంతదారుడై యుండుట. భూమి, ఇల్లు మొదలగువానిపై హక్కును చెప్పునపుడు దానిని వాడుదురు గాని, జేబులోని కలమునకు, ఇంటిలోని తమ్మునకు వాడరు.

మన పట్టణమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు

1805లో లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజి అనువారు విశాఖపట్నమునకు వచ్చి తెలుగు నేర్చి సువార్తలను అనువదింప బూనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడ్పడెను. క్రాన్ 1809లోను, డి గ్రాంజి 1810లోను మృతినొందిరి. వారి కృషిఫలముగా మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. తరువాత ఎడ్వర్డు ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున ముద్రితమైనది. క్రొత్త నిబంధన యొక్క మూలభాషయగు గ్రీకున "ఎఖో" యని "హేవ్" వంటి క్రియ గలదు. ధనమునకు, చెవులకు, విశ్వాసమునకు, రోగమునకు అన్నిటికిని అది చెల్లును. తెలుగున అట్టి క్రియ లేనందున, అనువాదకుడు ప్రతిసారియు ఆగి, ఇచట "కు" తగునా, "వద్ద" తగునా, "యందు" తగునా, "గల" తగునా యని విచారింపవలసినదే. పాత నిబంధనకు మూలమగు హెబ్రీ భాషయో, ఈ విషయమున మన పక్షముననే యున్నది. ఆ భాషలో "యెష్ లీ" యందురు. అనగా "ఉన్నది నాకు" అని. ఫిన్లాండున మికయెల్ అగ్రికొల 1548లో క్రొత్త నిబంధనను తన భాషలో ప్రకటించినపుడు ఆయనకును గ్రీకు "ఎఖో" ఎదుటనే యుండెను. ఆయన భాషయో "ల్ల" ప్రత్యయముతో చెప్పునది.

ఇన్ని పోలికలను చూచి, తెలుగు, ఫిన్నిష్ భాషలు చుట్టములా యని విద్యార్థులు అడుగవచ్చును. దక్షిణదేశభాషలు ప్రత్యేకకుటుంబమని 1816లో ఎల్లిస్ దొర చూపెను. 1838లో లండను మిషనరీ సంఘము పక్షమున చెన్నపట్టణమునకు వచ్చిన రాబర్ట్ కాల్డ్వెల్, 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించి, ఆ కుటుంబమునకు ఫిన్నిష్ మొదలగు భాషలతో సంబంధముండవచ్చునని తలచెను. ఆ సంబంధము నేటివరకు రుజువు కాలేదు. భాషాశాస్త్రజ్ఞులు ద్రావిడభాషలను ప్రత్యేకకుటుంబముగానే ఎంచుచున్నారు. పోలిక వేరు, పుట్టుక వేరు. లాటినువారు "మిహి ఎస్ట్" అనియు, సంస్కృతమున "మమ అస్తి" యనియు, హంగేరీవారు "నెకెమ్ వన్" అనియు చెప్పుదురు. ఇవన్నియు "నాకున్నది" యనుటయే. మనుష్యుల మనసు ఒకే త్రోవను పలుచోట్ల కనుగొనుట కలదు. హెల్సింకి పండితుడగు ఆస్కో పర్పోల సింధులోయ లిపిలో నున్నది ద్రావిడభాషయని వాదించుచు 1994లో పెద్ద గ్రంథమును ప్రకటించుట మాత్రము, ఆ దూరదేశమునకు మన భాషలయందు గల ఆదరమునకు నిదర్శనము.

అభ్యాసము

క్రింది వాక్యములను ముందు తామే ఫిన్నిష్ లోనికి మార్చి, పిమ్మట జవాబులతో సరిచూచుకొనవలెను.

1. నాకు ఇల్లున్నది.
2. నీకు తీరిక యున్నదా?
3. మాకు ఓడ లేదు.
4. వారికి ఇద్దరు కుమారులున్నారు.
5. ఓడ నాది.

జవాబులు: 1. మినుల్ల ఒన్ తలొ. 2. ఒంకొ సినుల్ల ఐకా? 3. మెయిల్ల్యా ఎయి ఒలె లైవా. 4. హెయిల్ల్యా ఒన్ కక్సి పొయికా. 5. లైవ ఒన్ మినున్.

విద్యార్థులారా! పరభాషను నేర్చుటవలన కలుగు లాభములలో గొప్పది, తన భాషను క్రొత్తకన్నులతో చూడగలుగుట. "నాకు", "నా వద్ద" అను మాటలను మనము దినమునకు ఎన్నిసార్లు పలుకుదుమో లెక్కలేదు. వానిలోని తెలివిని మాత్రము గమనింపము. దూరదేశపు భాష ఒకటి ప్రక్కన నిలిచినపుడే అది కంటబడును. తెలుగున "హేవ్" లేకపోవుట కొరత కాదు. లోకములో అనేక భాషలు నడచు రాజమార్గమది. తలిదండ్రులును, ఉపాధ్యాయులును, పిల్లలు ఇంగ్లీషులో తడబడునపుడు ఈ మాటను జ్ఞప్తి యందుంచుకొని, తప్పును మాత్రమే దిద్దక, ఆ తప్పునకు మూలమైన మాతృభాషా మర్యాదను కూడ వారికి విప్పి చెప్పిన యెడల, వారు రెండు భాషలను సమానమైన గౌరవముతో నేర్తురు.